మూడు వలందా డబ్బులు, ఒక బిడ్డ వెల

ఈ ఏడాది నా నాణేల పెట్టెలోకి వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మూడు రాగి డబ్బులు. ఇంగ్లీషు కుంఫిణీ జోరందుకోకముందు మన గోదావరి రేవుల్లో వర్తకం చేసిన వలందావారివి, అంటే డచ్చివారివి. ఒక పక్క డాలు మీద సింహం, మరో పక్క ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న మూడు అక్షరాలు. వైశాఖంలో యానాం వెళ్లినప్పుడు ఒక ముసలి గుమాస్తా గారింట్లో మొదటిది దొరికింది. దాని అంచున చిన్న చాకుగాటు ఉంది. మిగిలిన రెండూ అట్లతద్ది వెళ్లిన వారానికి గాజుల వీరన్న తెచ్చి ఇచ్చాడు. నా పాత డబ్బుల పిచ్చి అతనికి తెలుసు. పల్లెల్లో ఎవరైనా చెల్లని నాణెం చేతిలో పెడితే కాదనకుండా గాజులు తొడిగి, దాన్ని తిన్నగా రాజమండ్రిలో నేను పాఠాలు చెప్పే బడికి పట్టుకొస్తాడు. ఆ రెండిటిలో ఒకదానికి పసుపు పట్టిన గుడ్డపేలిక అంటుకుని ఉంది. పేలిక పీకి పారేసి, రెండిటినీ చింతపండూ బూడిదా పెట్టి తోమాను. ఆ తరవాత ఏది ఏదో నేనే చెప్పలేకపోయాను.

మార్గశిరంలో ఒక ఉదయం వీరన్న గాజుల మలారం లేకుండా ఉత్త చేతులతో వచ్చి బడి వరండాలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఆ పసుపుగుడ్డ డబ్బు ఉందాండి? తిరిగి ఇచ్చేయాలండి."

"ఎందుకు?"

"అది ఓ పిల్ల వెలండి."

అతను చెప్పింది ఇది. కాలవ కింద ఒక పల్లెలో మంగమ్మ అనే రైతు ఇల్లాలికి వరసగా ముగ్గురు బిడ్డలు పోయారు. నాలుగోది పుట్టగానే పక్కింటి సుబ్బాయమ్మకు ఒక్క డబ్బుకి అమ్మేసింది. పిల్ల తల్లి దగ్గరే పెరుగుతుంది, కాని నలుగురిలో అది సుబ్బాయమ్మ బిడ్డ. ఆ డబ్బుని పసుపుగుడ్డలో కట్టి బియ్యపు గోలెంలో దాచారు. వెల తల్లి దగ్గర ఉన్నన్నాళ్లూ అమ్మకం నిలిచినట్టు. వెల పోతే పిల్ల మళ్లీ మంగమ్మదే; ముందు ముగ్గుర్నీ తీసుకుపోయిన మృత్యువుకి దారి తెలుస్తుంది. చూపు ఆనని అత్తగారు అట్లతద్దికి పిల్ల గాజుల కోసం ఏడుస్తుంటే గోలెంలో చెయ్యిపెట్టి, తగిలిన మూట విప్పి వీరన్నకి ఇచ్చేసింది. అప్పటినుంచి పిల్ల జ్వరంతో లేవలేదు.

"మీరు నవ్వుతారని తెలుసండి. చదువుకున్నవారు," అన్నాడు వీరన్న.

నేను నవ్వలేదు. అలాగని నమ్మానా అంటే అదీ లేదు. మా నాన్నగారు క్రైస్తవ మిషనులో ఉపదేశి. ఇలాంటి తంతులు వినిపిస్తే తల అడ్డంగా ఊపేవారు. మద్రాసులో చదివి పట్టా పుచ్చుకున్నాక నేనూ అలాగే ఊపడం నేర్చుకున్నాను. అతను తెచ్చిన రెండు డబ్బులూ అతని చేతిలో పెట్టి పంపించేస్తే సరిపోయేది. కాని నేనే వస్తానన్నాను. బయలుదేరే ముందు గాటున్న యానాం డబ్బు కూడా కొంగున ముడివేశాను. తల్లి నిజంగా గుర్తుపడుతుందో లేదో చూద్దామని. ఆ సంగతి వీరన్నకి చెప్పలేదు.

శనివారం తెల్లవారి ఆరింటికి జట్కా ఎక్కితే ఏడింటికి ధవళేశ్వరం చేరాం. జట్కావాడు నాలుగు అణాలు పుచ్చుకున్నాడు. బేరమాడితే మూడుకి వస్తారు. ఆనకట్ట దగ్గర గోదావరి కనబడలేదు, చప్పుడు మాత్రం వినబడింది. అంత మంచు. కాలవ పడవ ఏడున్నరకి కదిలింది, మనిషికి అణాన్నర. కట్టమీద తాడు లాగేవాళ్లిద్దరూ పది బారల దూరంలోనే మంచులో కలిసిపోయారు. తాడు మాత్రం తెల్లటి గోడలోంచి బయటికొచ్చి పడవని ఈడ్చుకుపోతోంది. అవతలి కొస ఎవరు పట్టుకున్నారో తెలియదు.

సరంగు నన్ను చూసి, "ఏంటండి పంతులమ్మగారూ, ఈ మంచులో చేపలకి పాఠాలు చెబుతారా?" అన్నాడు.

"నువ్వు ముందు కూచో, ఓనమాలతో మొదలెడతాను."

"నాకెందుకండి, నాకు లాకు కనబడితే చాలు!"

పది గంటలకి లాకులోకి వచ్చాం. పగటిపూట ప్రయాణం చేసేవారు ఇక్కడ పావుగంటకి తక్కువ కాకుండా ఆగాలి. తలుపులు మూశారు. నీరు దిగుతుంటే పడవ దిగింది, రెండు పక్కలా నాచుపట్టిన గోడలు లేచాయి. పైన ఎవరో మాట్లాడుకుంటున్నారు. ముఖాలు లేవు. "ఎంతమంది?" అని పైనుంచి ఒక గొంతు అడిగింది. "ఏడుగురు," అన్నాడు సరంగు. నేను చుట్టూ చూశాను. అతనితో కలిపి ఆరుగురమే. తాడు మనుషుల్ని లెక్కలో కలిపాడా అంటే ఎనిమిది కావాలి. అడుగుదామనుకున్నాను, ఏం జవాబు వస్తుందోనని మానుకున్నాను.

పదకొండున్నరకి రేవు దిగి, కట్టమీద అరమైలు నడిచాం. మంగమ్మ ఇంటి ముందు వాకిలి తుడిచి లేదు, ముగ్గు లేదు. ముప్పై ఏళ్లుంటాయేమో ఆవిడకి. పక్కింటి సుబ్బాయమ్మ అరుగు మీద కూచుని ఉంది. మమ్మల్ని చూడగానే ఇద్దరూ లేచారు గాని ఎవరూ పిల్ల మాట ఎత్తలేదు. నేనే, "మీ అమ్మాయికి ఎలా ఉంది?" అన్నాను.

సుబ్బాయమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయి అనకండి. వెల దొరికేదాకా ఇక్కడెవరికీ అమ్మాయి లేదండి."

లోపల చాపమీద నాలుగేళ్ల పిల్ల పడుకుని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గాని దేన్నీ చూడటం లేదు. సన్నబడిన మణికట్టు మీద ఆకుపచ్చ గాజులు మోచేతి దాకా జారాయి. అవి ఏ గాజులో నాకు అర్థమైంది. తన వెలతో కొన్న గాజులు తొడుక్కుని పడుకుంది ఆ పిల్ల.

వీరన్న గుమ్మం బయటే ఉండిపోయాడు. నేను మూడు డబ్బులూ చాపమీద పరిచాను. "తోమేశాను. ఏది మీదో నాకు తెలియడం లేదు," అన్నాను. అందులో సగమే నిజం.

మంగమ్మ వాటివైపు చూడలేదు. మొహం గోడకి తిప్పుకుని, తడుముతూ ఒక డబ్బు తీసి పిల్ల అరచేతిలో పెట్టింది. వేళ్లు కదల్లేదు. డబ్బు జారి చాపమీద పడింది. రెండోది పెట్టింది. అదీ జారింది. మూడోది పెట్టగానే ఆ చిన్న వేళ్లు, కీలు తిరిగినట్టు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. బొటనవేలు పక్కన అంచు పైకి కనబడింది. దానిమీద చాకుగాటు.

అది నా యానాం డబ్బు. వైశాఖం నుంచీ ఆ డబ్బు నా పెట్టెలో ఉంది. ఈ ఇంట్లో గోలెం మూట విప్పింది అట్లతద్దికి.

మంగమ్మ ఇటు తిరిగి ఆ పిడికిలి చూసింది. ఒక్కసారిగా నవ్వింది, ఆ నవ్వు అంత సన్నటి మనిషిలోంచి వచ్చిందంటే నమ్మలేం. "సుబ్బాయక్కా, నీ పిల్లే! నీ పిల్లేనే! ఇది నాది కాదు," అని అరిచింది. ఇద్దరు ఆడవాళ్లూ నవ్వుతూ ఏడుస్తున్నారు. ఏ తల్లి అయినా తన బిడ్డ తనది కాదని అంత సంబరంగా చెప్పగా నేను వినలేదు.

"ఆ రెండూ కూడా ఉంచండి," అన్నాను.

మంగమ్మ వెనక్కి జరిగింది. "వద్దండి, తీసుకుపోండి. ఏ తల్లి ఏ బిడ్డనమ్మిన డబ్బులో! మా గడపలో ఉండకూడదు."

కట్టమీద సగం దూరం వచ్చాక వీరన్న మెల్లగా అన్నాడు: "ఆ గాటు డబ్బు నేను తేలేదండి."

"తెలుసు."

"మరి చెప్పలేదేంటండి?"

నేను వెనక్కి తిరిగాను. చెప్పాలనే తిరిగాను. వాకిలి దాకా వెళ్లేసరికి లోపలినుంచి పొడిబారిన చిన్న గొంతు, "అత్తా, గంజి," అని వినబడింది. "మీ అమ్మనడగవే, నన్నెందుకడుగుతావు!" అంటూ మంగమ్మ పరుగెత్తుకుంటూ పొయ్యి దగ్గరికి వెళుతున్న చప్పుడు. నేను పిలవకుండా వచ్చేశాను. మూడు గంటల పడవ అందుకుని, రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరాం.

ఇది జరిగి రెండు నెలలైంది. పిల్ల తిరుగుతోందని వీరన్న చెప్పాడు. జ్వరం దానంతట అదే దిగే రోజుకి నేను వెళ్లి ఉంటానని పగలు అనుకుంటాను. చేతిలో ఏది పెట్టినా మూడోసారికి ముడుచుకునేదేమో. కాని నా పెట్టెలో ఉన్న రెండిటిలో ఒకటి ఆ పిల్ల వెల అన్నది మాత్రం నమ్మకంతో పని లేని నిజం. వారి లెక్కే నిజమైతే అమ్మకం చెడింది, ఆ సంగతి మృత్యువుకి ఇంకా తెలియలేదంతే, తెలిసింది నాకూ వీరన్నకూ మాత్రమే. చెబితే తల్లి నవ్వు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో నాకు తెలియదు. రెండు డబ్బుల్నీ అమ్మలేను, ఎవరికీ ఇవ్వలేను, నదిలో వేయలేను. వీధిలో గాజుల కేక వినబడితే తలుపు వెనక నిలబడతాను. నేను అడక్కుండానే, "పిల్ల బాగుందండి," అంటాడు వీరన్న. అప్పుడు తలుపు తీస్తాను.

ఆ పల్లెలకి పాత నాణేల కోసం వెళ్లేవారికి ఒక మాట. ధర అడిగేముందు ఆ ఇంటి ఆడవాళ్లందరినీ పిలిచి, ఇది గడప దాటవచ్చునా అని అడగండి. వారిలో ఒక్కరు జవాబు చెప్పడానికి తడుముకున్నా, చాచిన చెయ్యి వెనక్కి తీసుకోండి.