ఇద్దరికి సరిపోయే గిన్నెల మిషన్

ఒక వస్తువు కొనే ముందు దాని గురించి లోకంలో తెలుసుకోవలసినదంతా తెలుసుకుని తీరాలని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు నా వయసు ఇరవై ఆరు. ఎల్‌బీ నగర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల వాటా. (వాటా అని మా గోదావరి వైపు అంటాం. కింద ఉండే ఓనరమ్మ మాత్రం ‘పోర్షన్’ అనేది.) ఆ వాటాలో నాతో పాటు ఉండే అమ్మాయిది సూర్యాపేట వైపు. దగ్గర్లోని కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేది. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను ఆమెని ‘మాస్టారూ’ అని పిలిస్తే, ఆమె నన్ను ‘గోదారీ’ అనేది. అసలు పేర్లు అద్దె కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడిన గుర్తు లేదు.

ఇంట్లో దిగిన రోజే మా ఒప్పందం కుదిరింది. “నాకు వంట రాదు. బోళ్లు తోముడొస్తది. ఒప్పుకుంటవా?” అంది మాస్టారు. నేను ఎగిరి గంతేశాను. నాకు వంటంటే ప్రాణం, అంట్లంటే జ్వరం. ఇద్దరం పొద్దున్న ఏడింటికే బయటపడేవాళ్లం కాబట్టి పనమ్మాయిని పెట్టుకునే వీలు లేదు. ఇక నేను రెచ్చిపోయాను. పోపుకొక గిన్నె, చింతపండు పులుసుకొకటి, నూరిన ముద్దకొకటి, వేయించినవి తీసి పెట్టుకోవడానికి ఒకటి. “ఒక్క వంకాయ కూరకు ఏడు బోళ్లా! ఇంట్ల ఎన్ని బోళ్లున్నయో సూసి కూర వండుతవా ఏందే?” అని తల పట్టుకుంటూనే, చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడేది.

ఆ చలికాలం ఆమె వేళ్లు పగలడం మొదలెట్టాయి. పగలంతా చాక్‌పీసు పొడి, సాయంత్రం సబ్బునీళ్లు. రబ్బరు తొడుగులు వేసుకుంటే లోపల చెమటకి ఇంకా మండేది. స్కిన్ డాక్టరు కొన్నాళ్లు సబ్బునీళ్లలో చెయ్యి పెట్టొద్దన్నాడు. ఆ మాట ఆమె నవ్వుతూ చెప్పి, వేళ్లకి ప్లాస్టరు చుట్టుకుని, మళ్లీ సింకు దగ్గరికే వెళ్లింది. నేను అక్కడికక్కడే ప్రకటించేశాను. “మాస్టారూ, ఇక నీ చేతికి సబ్బు తగలనివ్వను. డిష్‌వాషర్ కొంటున్నాను!”

“గింత వంటింట్ల యాడ వెడ్తవే?”

“గట్టు మీద పట్టే చిన్నవి ఉంటాయి. ఇద్దరికి సరిపోయేవి. నాకొదిలెయ్.”

నాకొదిలెయ్యడమే ఆమె చేసిన పొరపాటు. నేను ఒక నోటుపుస్తకం కొన్నాను. ఆఫీసు నుంచి రాగానే ఫోనులో వీడియోలు పెట్టుకుని కూర్చునేదాన్ని. కుళాయికి పైపు తగిలించేదా, మనమే నీళ్లు పోసేదా? పోసేదైతే ఎన్ని చెంబులు? తలుపు కిందికి తెరిస్తే గట్టు అంచు దాటుతుందా? పైన అలమర తగులుతుందా? (ఇదంతా నేను గట్టిగా చదివి వినిపిస్తుంటే మాస్టారు గిన్నెలు తోముతూ ఊఁ కొట్టేది. ఈ వాక్యం ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.)

ఒక ఆదివారం మా మూకుడు, కుక్కరు, ఇడ్లీ స్టాండు పెద్ద సంచిలో వేసుకుని మెయిన్ రోడ్డు మీది షోరూముకి బయల్దేరాం. పడతాయో లేదో చూడకుండా ఎలా కొంటాం? సంచికి ఒక చెవి నేను, రెండోది ప్లాస్టరు వేళ్లతో మాస్టారు. లోపలికి వెళ్లగానే సేల్స్ అబ్బాయి సంచిలోకి తొంగి చూసి వినయంగా, “సారీ మేడమ్, పాత బోళ్లు ఎక్స్‌చేంజ్‌ల తీస్కోం,” అన్నాడు. నేను సిగ్గుపడలేదు. నేల మీద గొంతుక్కూర్చుని మిషన్‌లో ఒక్కొక్కటీ సర్దడం మొదలుపెట్టాను. మూకుడు పడితే కుక్కరు పట్టదు, కుక్కరు పడితే దాని పిడి తలుపుకి అడ్డం. ఫ్రిజ్ కొనడానికి వచ్చిన ఒక కుటుంబం పనులు మానుకుని మా చుట్టూ చేరింది. వాళ్లలో పెద్దావిడ, “ఆ మూకుడు బోర్లించమ్మా,” అని సలహా కూడా ఇచ్చింది. అరగంట చూసి సేల్స్ అబ్బాయి అన్నాడు, “మేడమ్, మిషిన్ ఇద్దరికి కరెక్టే. మీరే ఆర్గురికి వండుతున్నరు.” మాస్టారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఏమీ కొనకుండా మా గిన్నెలు మేం మోసుకుని తిరిగొచ్చాం.

అప్పుడు నాకింకో ఆలోచన తట్టింది. అట్టపెట్టెని మిషన్ కొలతకి కత్తిరించి గట్టు మీద పెట్టాను, చోటు అలవాటవడానికని. ఆ చోట అంతకు ముందు కడిగిన గిన్నెల బుట్ట ఉండేది. దాన్ని కింద పెట్టాల్సి వచ్చింది. ఇక మాస్టారు ఒక్కో గిన్నే కడగడం, వంగి కింద పెట్టడం, మళ్లీ లేవడం. రెండు నెలలు ఆ అట్టపెట్టె అక్కడే ఉంది.

ఒకరోజు ఓనరమ్మ పైకొచ్చి, “గీ డబ్బ ఏంది బిడ్డా?” అంది. నేను ఉత్సాహంగా అంతా వివరించాను. ఆవిడ డబ్బాని చూసి, సింకు దగ్గరున్న మాస్టారి చేతుల్ని చూసి, “మిషిన్ వచ్చేదాంక నువ్వు కడుగరాదా?” అంది. నేను నవ్వేసి, “వచ్చే వారమే ఆర్డరు పెట్టేస్తానండీ,” అన్నాను. ఆ ఆలోచన అంతకు ముందు నాకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. కానీ ఒప్పందం ఒప్పందమే కదా అనుకున్నాను. పైగా ఆమె కోసం ఇంత కష్టపడుతున్నదాన్ని!

చివరికి ఒక పొద్దున్న ఆఫీసులో కూర్చుని నిజంగానే ఆర్డరు పెట్టాను. ఆ కబురు చెబుదామని ఇంటికొస్తే, మాస్టారు నాకు టీ గ్లాసు అందించి, తనే ముందు మాట్లాడింది.

“నాగోల్‌ల మావోల్లు ఆడపిల్లల హాస్టల్ వెట్టిన్రు. వార్డెన్‌గ ఉండమన్నరు. ఒకటో తారీకు వోతున్న గోదారీ. అక్కడ మెస్సే. తిన్న కంచం గూడ వాల్లే కడుగుతరంట.”

“ఆర్డరు పెట్టేశానే! గురువారం వచ్చేస్తోంది!”

“రానీ. నీకు పనికొస్తది.”

“చేతుల గురించైతే నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా?” రోషంగా అడిగాను.

“ఏం జెప్పాలె? రోజూ సూస్తనే ఉన్నవ్ గద.” గొంతులో కోపం లేదు. ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని.

ఆమె వెళ్లింది, మిషన్ వచ్చింది. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక మూకుడు పెట్టి తిప్పాను. ఎంతో చక్కగా కడిగింది. అది నిండాలంటే నాకు మూడు రోజులు పట్టేది.

నెల తర్వాత నాగోల్ వెళ్లాను. హాస్టల్ గేటు దగ్గర మాస్టారు రెండు చేతులూ తిరగేసి బోర్లేసి చూపించింది, పూర్తిగా మానిపోయాయి. మెట్రోలో వస్తూ కూర్చుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే నోటికొచ్చింది. “నేనే కడిగి ఉండాల్సింది మాస్టారూ.”

పర్లేదులే అంటుందని చూశాను. అనలేదు.

“అవు,” అంది. గేటు తెరుస్తూ, “చాయ్ తాగుతవా?” అంది.

తాగాం. ఆమె హాస్టల్ పిల్లల అల్లరి గురించి చెబుతుంటే సాయంత్రం దాకా కూర్చున్నాను. తర్వాత ఆమెకి పెళ్లయింది, వేరే ఊరెళ్లింది. పండగలకి మెసేజీలు పెట్టుకుంటాం. ఇప్పుడు నోటుపుస్తకం, కొలతల టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగిన ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల గుర్తొస్తే తిట్టాలనిపించదు, నవ్వొస్తుంది. పక్కనున్న మనిషికి సాయం చెయ్యాలని పాపం ఎంత తాపత్రయపడింది! రోజుకి పది నిమిషాల పని ఒక్కటి తప్ప అన్నీ చేసింది.