పొట్టకు కట్టిన బెల్టు

తూనికల ఇన్‌స్పెక్టరుగా రిటైరై పదేళ్లయినా ఆయన అనుమానం మాత్రం రిటైరు కాలేదు. కాఫీ గ్లాసును కూడా ఎత్తి అడుగు చూడందే తాగడు. అయస్కాంతం దాచిన తక్కెడలు ఎన్ని పట్టుకున్నాడో మరి! వయసుతోపాటు మెదడులోని రక్తనాళాలు ఎలా మారతాయో ఆసుపత్రిలో కొలుస్తున్నారంటే, ఆ కొలత సంగతేమిటో తేల్చడానికే వెళ్లాడు. మొదట కణతకు చిన్న పరికరం ఆనించి, అరనిమిషం ఊపిరి బిగబట్టమన్నారు. తన గడియారం చూసుకుంటూ బిగబట్టాడు. తర్వాత ఆ గడియారం తీయించి, పొట్టకు ఒక బెల్టు కట్టి, స్కానింగ్ గొట్టంలోకి పంపి, మళ్లీ బిగబట్టమన్నారు. బయటికి రాగానే రెండు ఫలితాలూ అడిగి తీసుకున్నాడు. ఊపిరి ఆపితే నాళాలు విచ్చుకుని రక్తం జోరు పెరగాలట. మొదటిదాంట్లో పెరిగింది, రెండోదాంట్లో పెరగలేదు. ఆయన మీసాల కింద నవ్వు మొలిచింది.

"రెండు తక్కెడలు రెండు మాటలు చెబితే ఒకటి దొంగదే. ఏదమ్మా అది?"

టెక్నీషియన్ అమ్మాయి గొంతు తగ్గించింది. "గొట్టంలో మీరు ఊపిరి ఆపలేదండీ. మీ పొట్టకు కట్టిన బెల్టు మీరు పీల్చిందంతా గీసి పెట్టింది."

చేతికి గడియారం లేక, లోపల తనను మర్చిపోతారేమోనని సన్నగా పీల్చిన మాట నిజమే. ఆయన అటూ ఇటూ చూశాడు. ముప్ఫై ఏళ్లపాటు దుకాణాల్లో విన్న మాటే చివరికి ఆయన నోట వచ్చింది.

"ఈ ఒక్కసారికి వదిలెయ్యమ్మా."