టైలరమ్మ భయం

టైలరమ్మకి భయమంటే ఏమిటో తెలియదని వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. మొగుడు పోయిన ఏడాదే కుట్టుమిషను కొనుక్కుంది. ఆ మిషను తొక్కుతూనే ఇద్దరు పిల్లల్నీ పెంచింది. జాకెట్టు బిగుతైందని గొడవకొచ్చినవాళ్ళని "నా టేపు సాగలేదమ్మా, సాగింది మీరే" అని నవ్వుతూనే గుమ్మం దాటించేది. అలాంటి మనిషి, కొడుకు దగ్గు వింటే వణికిపోయే రోజులొచ్చాయి.

కొడుకుని ఇంట్లో చిన్నోడంటారు. ముప్ఫై దాటినా చిన్నోడే. స్కూలు వ్యాను నడిపేవాడు. మొదట మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తరవాత స్నానం చేసినా ఆయాసమే. చివరికి చొక్కా బొత్తాలు పెట్టుకోవాలన్నా మధ్యలో ఆగి గోడ పట్టుకునేవాడు. ఊపిరితిత్తులు లోపల గట్టిపడిపోతున్నాయన్నారు. ఎందుకలా అని అడిగితే "కొందరికి వస్తుందమ్మా, కారణం మాకూ తెలీదు" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాట ఆవిడకి మింగుడుపడలేదు. తను కుట్టే బట్టల నుంచి ఎగిరే నూలుపీచే వాడి కొంప ముంచిందేమోనని ఒకటే పీకులాట. కాదని డాక్టరు చెప్పినా వినక, మిషన్ని ఎదురింటివాళ్ళ రేకుల షెడ్డులోకి మార్చేసింది. ఇంట్లో అంతకుముందు అది ఉన్న మూలకి ఆక్సిజన్ మిషను వచ్చింది. దాని గొట్టం ముక్కుకి తగిలించుకుని, గొట్టం సాగినంత మేరే చిన్నోడు తిరిగేవాడు.

"ఇక ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి" అన్నాడు డాక్టరు ఒకరోజు.

"చేయించుకున్నవాళ్ళందరూ బతుకుతారా బాబూ?" అంది టైలరమ్మ.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "అందరూ కాదమ్మా. కానీ చేయించుకోకపోతే..." అని చిన్నోడి వంక చూసి ఆగిపోయాడు.

ఆపరేషన్ తరవాత కంటికి రెప్పలా చూసుకోవడానికి ఇంట్లోవాళ్ళు ఇద్దరు ఒప్పుకోవాలట. అప్పుడే ఊపిరితిత్తుల కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో వాడి పేరు ఎక్కిస్తారట. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకునే కూతురు "సెలవు పెట్టి వచ్చేస్తా" అని ఫోన్లోనే చెప్పేసింది. నాన్చింది తల్లే. ఈ దగ్గు తగ్గనీ అంది. ఎండలు పోనీ అంది. పిల్లల యూనిఫారాలు అప్పజెప్పేయనీ అంది.

"అమ్మా, నువ్వు ఊఁ అంటే గానీ వాళ్ళు ముందుకెళ్ళరే" అన్నాడు చిన్నోడు.

"కాదని ఎవరన్నార్రా? కాస్త ఆగమంటున్నా."

"నేను ఆగుతా. ఇవి ఆగాలిగా?" అని ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు.

కూర మాడుతోందంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజానికి పొయ్యి మీద ఏమీ లేదు. గోడకానుకుని నిలబడి పైటచెంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు ఎలా ఉన్నా కళ్ళెదుట ఉన్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు. వాణ్ణి ఆపరేషన్ గదిలోకి పంపాక, డాక్టరు తలుపు తీసి ఇంకేదైనా చెబితే? చేజేతులా పంపింది నేనే అవుతాను కదా? ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు అనుకుంది.

ఆ నాన్చుడు ఒక మధ్యాహ్నంతో తీరిపోయింది.

ఆవేళ షెడ్డులో కూర్చుని యూనిఫారం నిక్కర్లు కుడుతోంది. అది కాలితో తొక్కే మిషను. గుడ్డలు ఎగురుతాయని ఫ్యాను వేసుకోదు. అందుకే కరెంటు పోయిన సంగతి ఆవిడకి తెలియలేదు. ఇన్వర్టరు బ్యాటరీ ఆ వారమే రిపేరుకి వెళ్ళింది. ఇంట్లో ఆక్సిజన్ మిషను కరెంటు పోయిందని హెచ్చరిస్తూ కీచుకీచుమని అరుస్తూనే ఉంది గానీ, కుట్టుమిషను టకటకలో ఆ అరుపు కలిసిపోయింది.

ఎదురింటావిడ విసనకర్రతో బయటికొచ్చి, "కరెంటు పోయి ఇంతసేపయిందీ, ఈ ఉక్కలో ఎలా కుడుతున్నావమ్మా?" అంది.

టైలరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. వేల్లో సూది దిగిందో లేదో కూడా చూసుకోలేదు. చెప్పుల్లేకుండా వీధి దాటింది. ఎదురుగా వచ్చే స్కూటరువాడు ఏదో తిట్టాడు.

చిన్నోడు మంచం దిగి, కరెంటు పోతే వాడమని ఇచ్చిన ఆక్సిజన్ సిలిండరు దాకా పాకాడు. అక్కడే ఆగిపోయాడు. సిలిండరు మీట తిప్పే ఇనప తాళంచెవి చేతిలో ఉంది, తిప్పే సత్తువ లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కళ్ళు మాత్రం తల్లినే చూస్తున్నాయి.

ఆవిడ తాళంచెవి లాక్కుంది. జారింది. మళ్ళీ పెట్టింది. ఎటు తిప్పాలో ఎన్నిసార్లు నేర్పించారో, ఆ క్షణాన బుర్రలో ఒక్క ముక్క మిగల్లేదు. ఇటు తిప్పితే కదల్లేదు. అటు తిప్పితే బుస్సుమంది. గొట్టం వాడి ముక్కుకి తగిలించి, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "పీల్చరా, పీల్చు నాన్నా, మెల్లిగా" అంటూ కూర్చుంది. అంటున్నది తన గొంతేనని తనకే అనిపించలేదు.

చాలాసేపటికి వాడి పెదాల్లోకి ఎరుపు తిరిగింది.

"నాకూ భయమేనే అమ్మా" అన్నాడు, మాటమాటకీ ఆగుతూ. "ఆ బల్ల మీద పోతానేమోనని భయం. కానీ ఇలా... నేల మీద... నీకు వినపడకుండా పోవడం ఇంకా భయం."

టైలరమ్మ మర్నాడు తెల్లారగానే వాడికంటే ముందు తయారై, ఆస్పత్రిలో మార్పిడి విభాగం నర్సు ముందు కూర్చుంది. "నన్నేం చెయ్యమంటారో చెప్పండి. మందబుద్ధిదాన్ని, రెండుసార్లు చెప్పండి" అంది.

అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. ఆపరేషన్ తట్టుకోవాలంటే కాళ్ళలో బలం ఉండాలన్నారు, ఒళ్ళు చెయ్యాలన్నారు. సెలవు పెట్టి వచ్చిన అక్క చిన్న సిలిండరు మోస్తూ వెనక నడిస్తే, చిన్నోడు వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేవాడు. "పెళ్ళికూతురి కొంగు మోసినట్టుందే అక్కా" అని మధ్యలో హాస్యమాడి, దానికే ఆయాసపడేవాడు. తల్లి తిండి పెడుతూనే ఉండేది. వాడు తినలేనంటే బతిమాలేది, బతిమాలితే వినకపోతే తిట్టేది.

జాబితాలో పేరెక్కాక అన్నిటికంటే పెద్ద భయం, ఊపిరితిత్తులు దొరికాయని ఆస్పత్రి నుంచి రావాల్సిన ఫోను. మోగకపోతే భయం, మోగితే భయం. త్వరగా రావాలని దేవుణ్ణి అడగబోయి నోరు మూసుకునేది. అక్కడెక్కడో ఇంకో తల్లి గుండె బద్దలైతేనే కదా ఇక్కడ ఫోను మోగేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమని మొక్కుకోవాలో తెలియక దణ్ణం పెట్టి ఊరుకునేది.

మొదటిసారి ఫోనొచ్చినప్పుడు పరుగు మీద వెళ్ళారు. చిన్నోడికి ఆపరేషన్ గౌను కూడా తొడిగారు. అంతలో డాక్టరొచ్చి, వచ్చిన ఊపిరితిత్తులు పనికొచ్చేలా లేవన్నాడు. ఇల్లు చేరాక అక్క బాత్‌రూములోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చింది.

రెండోసారి వానాకాలంలో, పొద్దున్న టిఫిన్ల వేళ మోగింది. ఈసారి వెనక్కి పంపలేదు. లోపలికి తోసుకెళ్తుంటే చిన్నోడు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విడిపించుకున్నది ఆవిడే. "వెళ్ళిరా నాన్నా" అంది మామూలు గొంతుతో. తలుపు మూసుకున్నాక నేల మీదే కూర్చుండిపోయింది.

ఆపరేషన్ ఆ రోజంతా నడిచింది. రక్తం ఎక్కువ పోయిందని ఒకసారి చెప్పారు, చూస్తున్నామని ఇంకోసారి చెప్పారు. తలుపు చప్పుడైనప్పుడల్లా కూతురి మోచేతిని తల్లి ఎంత గట్టిగా నొక్కిందంటే, మర్నాటికి అక్కడ కమిలిపోయింది. చీకటి పడే వేళకి డాక్టరు బయటికొచ్చి, ఊపిరితిత్తులు పనిచేస్తున్నాయన్నాడు. టైలరమ్మకి సంతోషం రాలేదు. ముందు దాహమేసింది.

చిన్నోడు బతికాడు. ఇంటికొచ్చిన కొత్తలో ఒకసారి జ్వరం తగిలి మళ్ళీ ఆస్పత్రిలో పడ్డాడు. కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్ళు తోసేస్తోందన్నారు. మందులు పెంచితే సర్దుకుంది. మళ్ళీ రాదని ఎవరూ మాటివ్వలేదు.

మొన్న సాయంత్రం మూతికి మాస్కు కట్టుకుని, "ఒక్కణ్ణే అలా తిరిగొస్తా" అని బయల్దేరాడు. తోడొస్తానని తల్లి చెప్పుల్లో కాలు పెట్టింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. వాడు వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయాడు.

"కూర్చోవే అమ్మా, వస్తాడు" అంది కూతురు.

"కూర్చుంటాలే" అంటూనే టైలరమ్మ మలుపు వైపు చూస్తూ గుమ్మంలో నిలబడిపోయింది.