పాత నకలులో ఆగిన మగ్గం

ఈరోజు ఒక నేతకారుడి మగ్గం ఆగిపోయిందని తేల్చేశాను. అది నడుస్తోందని ఆయన నా ఎదురుగా నిలబడి చెప్పినా నమ్మలేదు.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ల సంఘం. ఆఫీసులో కంప్యూటర్ పని నాది. ఎవరి మగ్గం నడుస్తోంది, ఎవరిది ఆగింది అన్న వివరాలు ఒక క్లౌడ్ సర్వీసులో ఉంటాయి. డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒకటి పెట్టుకుంటే అవి మామూలు డేటాబేసు పట్టికలా కనిపిస్తాయి. నడుస్తున్న మగ్గాలేవని నా స్క్రిప్టు ఆ పట్టికను అడుగుతుంది. వచ్చిన జాబితా ప్రకారం నూలు పంచుతాం.

పొద్దున వరుసలో ఆయన వంతు వచ్చింది. మా నాయనతో కలిసి నేసిన మనిషి. కాకా అని పిలుస్తాను. పోయిన నెల భార్య చనిపోతే కొన్నాళ్లు మగ్గం ఎక్కలేదు.

"కాకా, నీ మగ్గం బంద్ అని చూపెడ్తాంది."

"పొద్దుగాల నేసే వచ్చిన బిడ్డా. జర మల్ల సూడు."

మళ్లీ నడిపాను. అదే జవాబు.

"రెండుసార్లు చూసిన. కంప్యూటర్ అబద్ధం చెప్తదా?"

వెనకనుంచి ఎవరో అన్నారు: "మగ్గం ఇప్పుకొచ్చి సారు టేబుల్ మీద బిగియ్యి కాకా. అప్పుడు కనపడ్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి నూలంతా అయిపోయింది. అప్పుడే, మగ్గాలు చూసివచ్చి వివరాలు క్లౌడ్‌లో ఎక్కించే మా సంఘం అమ్మాయి ఆఫీసుకొచ్చింది. "కాక మగ్గం నడుస్తాందని మొన్ననే ఎక్కించిన గదన్నా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి తెచ్చిన సమాచారాన్ని నకలు చేసి మన కంప్యూటర్లోనే దాచుకునే వీలు ఆ డ్రైవర్‌లో ఉంది. పోయిన నెల స్క్రిప్టు రాసే రోజుల్లో పని తొందరగా అవుతుందని దాన్ని పెట్టాను, తీసేయడం మరిచాను. రెండుసార్లూ నేనడిగింది క్లౌడ్‌ను కాదు, నా దగ్గరున్న పాత నకలునే. అది తీసేసి మళ్లీ అడిగితే కాక మగ్గం నడుస్తోందని వచ్చింది.

నూలు తీసుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కొంచెం ఇమ్మని అడిగాను. అప్పటికే రంగులో వేశామన్నారు. మళ్లీ లోడు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అంతవరకు ఖాళీగా ఉంటే ఆ మగ్గం నిజంగానే ఆగినట్టు లెక్క. అప్పుడూ నూలు రాదు.

కాక ఇంటికి వెళ్లేసరికి మగ్గం మీద పడుగు లేదు, పొద్దున నేసినదాంతో ఉన్నది అయిపోయింది. పాత పోగుల కొసలు మాత్రం వేలాడుతున్నాయి. కొత్త పోగులు వాటికే అతకాలి. ఆ పని ఎప్పుడూ ఆయన భార్య చేసేది.

జరిగింది దాచకుండా చెప్పాను.

"ఇప్పుడు కంప్యూటర్ల నడుస్తాందా?" అన్నాడు.

"నడుస్తాంది కాకా."

"ఈడ బంద్ అయింది."

కోపంగా అనలేదు. చాయ్ తాగుతావా అని కూడా అడిగాడు. నేను తాగలేకపోయాను.

తిరిగి ఆఫీసుకొచ్చి, గోడమీది నూలు జాబితా పక్కన ఒక కాగితం అంటించాను. ఆయన మగ్గం నడుస్తూనే ఉండిందని, సరిచూసుకోకుండా పదిమందిలో ఆయన్ని అబద్ధాలకోరును చేసింది నేనేనని రాశాను. వచ్చే లోడులో మొదటి నూలు ఆయనకే ఇవ్వాలని సంఘం కార్యదర్శికి అర్జీ పెట్టాను. లోడు వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

అయినా కాగితం కింద సంతకం చేశాను.