నీడ ఏ పక్క పడుతుంది

ఆదోని–ఎమ్మిగనూరు బస్సులో ముప్పై ఏళ్లు కండక్టరుగా పనిచేశాను. ఎండాకాలంలో జనం బస్సెక్కుతూనే, టికెట్టు సంగతి తర్వాత, ముందు నీడ ఏ పక్క పడుతుందని అడిగేవారు. పొద్దున ఎమ్మిగనూరుకు పోయేటప్పుడు ఎడమ పక్క కూర్చోమనేవాణ్ణి. పదింటికి తిరిగొచ్చేటప్పుడు కుడి పక్క. ఒక్కనాడూ తప్పు చెప్పలేదు. పైకి అనకపోయినా ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

నా భార్య పెళ్లికి ముందు నుంచీ ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసింది. ఇన్నేళ్లూ పీల్చిన పత్తి నుసి ఊపిరితిత్తుల్లో చేరింది. నేను రిటైరైన ఏడాదే ఆమె ముక్కుకు గొట్టం పెట్టారు. ఆ గొట్టానికి గాలి పంపే మిషను కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టరు ఒక గంట లాగేది, అంతే. లైను పని ఉన్న రోజు పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాకా రాదు. అందుకని మిద్దె మీద మూడు సోలార్ పలకలు పెట్టించాను. ఎండ ఉన్నంతసేపూ మిషను ఆగేది కాదు. మా ఊళ్లో నీళ్లకు కరువు గాని ఎండకు కరువా అనుకున్నాను.

పలకలు బిగించడానికి వచ్చిన మేస్త్రీ వాటిని ఈశాన్యం మూలన పెడదామన్నాడు. దక్షిణం పక్కింటివాళ్లు ఎప్పుడైనా మిద్దె లేపితే నీడ పడుతుందన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈశాన్యం మీద బరువు పెడితే ఇంటి ఆడమనిషికి కీడని, ఆ మాత్రం తెలియకుండా మేస్త్రీవెలా అయ్యావని గట్టిగానే అడిగాను. బరువు ఎప్పుడూ నైరుతిలోనే ఉండాలని పట్టుబట్టి, దక్షిణం పిట్టగోడ పక్కనే బిగింపించాను. మెట్ల కింద కుర్చీలో కూర్చుని నా భార్య అంతా వింది.

మరుసటి మాఘమాసంలో ఆ దక్షిణం పక్కింటాయన తాంబూలం పట్టుకొని వచ్చాడు. బట్టల దుకాణం ఆయనది. ఇద్దరు కొడుకులకు చెరొక అంతస్తు వేయాలని ఆయన ఆశ. పనికి మొదటి టెంకాయ నన్నే కొట్టమన్నాడు.

"దక్షిణం ఎత్తు లేస్తే నీ ఇంటికే బలమన్నా," అన్నాడు.

వాస్తు ప్రకారం అది నిజమే. చుట్టుపక్కల వాళ్లందరూ నన్ను అదృష్టవంతుణ్ణన్నారు. టెంకాయ కొట్టాను. అయినా మేస్త్రీ మాట ఎక్కడో గుచ్చుతూనే ఉంది. వైశాఖంలో గోడలు లేచాక నడిమధ్యాహ్నం మిద్దెక్కి చూశాను. నీడ పిట్టగోడ దాటలేదు. నిశ్చింతగా దిగి వచ్చి మజ్జిగ తాగాను.

చలికాలం వచ్చేసరికి పొద్దు దక్షిణానికి జరుగుతుందని బడిపిల్లలకూ తెలుసు. ముప్పై ఏళ్లు నీడను లెక్కగట్టిన నాకు ఆ పూట తోచలేదు. దసరా వెళ్లాక నీడ గోడ దిగింది. దీపావళికి ఒక పలకను మింగింది. కార్తీకం చివరికి మూడూ పొద్దస్తమానం నీడలోనే ఉన్నాయి.

పక్కింటాయనను అడిగితే, తన స్థలంలో తాను కట్టుకున్నానన్నాడు, పైగా టెంకాయ కొట్టింది నువ్వే కదన్నాడు. వార్డు సచివాలయానికి పోయి అర్జీ పెట్టాను. ప్లాన్లు చూసే అమ్మాయి మంచిది. వచ్చి టేపు పట్టి కొలిచింది. వదలాల్సిన ఖాళీ వదిలాడు, అనుమతి ఉంది. ఆయన చూరు నీళ్లు నా ఇంట్లో పడితే రూలు ఉంది, ఆయన కిటికీ రెక్క నా వైపు తెరుచుకుంటే రూలు ఉంది.

"ఎండకు మాత్రం యా రూలూ లేదు సార్," అంది. "ఉంటే నేనే నోటీసు ఇచ్చిందును."

సోలార్ పెట్టుకోండని ఊరంతా బోర్డులు కట్టింది సర్కారే. నేను టికెట్టు కొట్టి సీటు చూపకపోతే జనం ఊరుకునేవారా? ఆ మాట ఆ పిల్లతో అని ఏం లాభం? అర్జీ ముట్టినట్టు రసీదు ఇచ్చింది, తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాను. చేతులు కట్టేసినట్టు ఉండేది నాకు.

చివరికి సిగ్గు విడిచి ఆ మేస్త్రీనే మళ్లీ పిలిచాను. ఈశాన్యం మూల ఇప్పటికీ ఎండ పడుతోంది, పలకలు అక్కడికి మార్చమన్నాను. అతను నన్ను ఒక్క మాట కూడా దెప్పలేదు. నిచ్చెన వేస్తుంటే నా భార్య వద్దని చెయ్యి ఊపింది.

"ఈశాన్యం బరువు ఆడమనిషికి కీడని ఆ పొద్దు నువ్వే అంటివి," అంది. "నాకుండేదే ఇంత ఊపిరి. దాన్నీ తీయొద్దు."

అదంతా ఉత్తదే, ఏదో నోటికొచ్చింది అన్నానని బతిమాలాను.

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "ఊరందరికీ నీడ సరిగ్గా సెప్పినోనివి. ఇది మాత్రం తప్పు సెప్తావా?"

మేస్త్రీ నిచ్చెన మడుచుకొని వెళ్లిపోయాడు.

ఈ రోజు తొమ్మిదికి కరెంటు పోయింది. గంట తర్వాత ఇన్వర్టరు కూతపెట్టి ఆగింది, దాంతోపాటు మిషనూ ఆగింది. అట్టముక్కతో విసురుతూ పక్కన కూర్చున్నాను. ఇంతకంటే నా చేతనైంది లేదు. పైన ఎండ వచ్చిందేమో చూడమని ఆమె సైగ చేసింది. మిద్దెక్కాను. పలకలు మూడూ నీడలో చల్లగా ఉన్నాయి. ఈశాన్యం మూల ఖాళీ గచ్చు ఎండకు అరికాళ్లకు వెచ్చగా తగిలింది.

దిగి వచ్చి, "వస్తాందిలే," అన్నాను. నేను చెప్పాను గనక ఆమె నమ్మింది.