చీలమండ మీద బొటనవేలు

మా ఉద్దానంలో పొద్దున్న లేచాక పళ్ళు తోముకోకముందే చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసుకుంటాం. గుంట పడి అలాగే ఉండిపోతే కిడ్నీ పోయిందని ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలెడతారు. మా నాయన అలాగే పోయాడు. అందుకే గల్ఫ్‌లో వెల్డింగ్ పనికి బయలుదేరినప్పుడు విమానం కూలుతుందని నాకు భయం లేదు. దిగిన పూటే జరిగే డాక్టర్ పరీక్షంటేనే భయం. కాళ్ళు వాచినవాణ్ణి తిరుగు విమానం ఎక్కించేస్తారు.

పలాస నుంచి బొంబాయి దాకా రెండు రోజులు రైల్లో ముడుచుకుని కూర్చున్నాం, నేనూ మా వీధి మావానూ. ఆయనకిది రెండో ప్రయాణం, అందుకని నాకు పెద్దదిక్కు. విమానంలో బెల్టు పెట్టుకోగానే ఉపదేశం మొదలెట్టాడు.

"నీళ్ళు ముట్టకురా అల్లుడా. ఆ బాత్రూం తలుపు తియ్యడం రాక మనోళ్ళు ఎంతమంది నవ్వులపాలయ్యారో. దిగినాక తాగుదువు గానిలే."

సరేనని నోరు ఎండగట్టుకున్నాను. కాసేపటికి కొత్త బూట్లు బిగుసుకున్నాయి. విప్పి నొక్కితే గుంట పడింది. నా కాళ్ళ చోట నాయన కాళ్ళు కనిపించాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఏం, ఉద్దానంలో పుట్టినంత మాత్రాన, కూర్చుని కూర్చుని వాచిన కాలు కూడా రోగమేనా?

లేచాను. నీళ్ళడిగి మూడు గ్లాసులు తాగాను. సీట్ల మధ్య దారిలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను.

"కూకోరా, పరువు తీత్తన్నావు!" అన్నాడు మావ.

"పరువు కాళ్ళకి కట్టుకుంటామేటి మావా? నువ్వూ లెగు."

లేవలేదు. ఇక బాత్రూం తలుపు సంగతా? మధ్యలో తోస్తే మడతపడింది, అంతే. ఆ మాత్రం దానికా ఇంత గోల!

దిగాక కంపెనీ క్యాంపులో, మావాళ్ళని ఎంతోమందిని చూసిన హిందీ డాక్టర్ మా పాస్‌పోర్టుల్లో ఊరు చూసి నేరుగా కాళ్ళకేసి వంగాడు. నా చీలమండ నొక్కి, గుంట లేదని వదిలేశాడు. మావది నొక్కాడు. గుంట అలాగే ఉంది. మావ కాగితం సంతకం పెట్టకుండా పక్కన పెట్టేశాడు, తిరుగు విమానమేనన్నమాట.

నేను ఊరుకుంటానా? గుజరాత్ రేవుల్లో చేపల వేటకెళ్ళినప్పుడు నేర్చిన వచ్చీరాని హిందీలో అరిచాను. మూడు రోజులుగా కూర్చునే ఉన్నాడు, విమానంలో చుక్క నీళ్ళు తాగలేదు, రేపు చూడండి, రేపూ ఇలాగే ఉంటే ఇద్దర్నీ పంపెయ్యండి అన్నాను. ఆ చివరి మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. డాక్టర్ ఒక్క రోజు గడువిచ్చాడు.

ఆ రోజంతా మావకి గంటకో గ్లాసు నీళ్ళు పట్టించి వరండాలో నడిపించాను. తిట్టాడు, తాగాడు, నడిచాడు. పడుకున్నప్పుడు కాళ్ళ కింద మా ఇద్దరి సంచులూ పెట్టాను.

మర్నాడు డాక్టర్ నొక్కాడు. గుంట లేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. కాగితం మీద సంతకం పెట్టబోతుంటే మావ రెండో కాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని కూడా సూడండి సారూ. ఇదీ ఉద్దానందే."