తెలిసిన లెక్క

1985 ఎండాకాలం. జనగామలో రైల్వే స్టేషన్‌కు పోయే తోవలో, ఒక ఎరువుల దుకాణం మీది రెండు గదుల్లో నేను ట్యుటోరియల్ నడిపేవాణ్ని. పొద్దున ఇంటర్ పిల్లలకు లెక్కలు, సాయంత్రం డిగ్రీ అయినవాళ్లకు ఇంటర్వ్యూ క్లాసు. కింద పురుగుమందుల డబ్బా మూత తీస్తే పైన మాకు తలనొప్పి వచ్చేది. అద్దె తక్కువ కదా అని సర్దుకుపోయాం.

అప్పుడప్పుడే హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలు కంప్యూటర్లు తెచ్చుకుంటున్నాయి. వాటి దగ్గర పనికి 'ప్రోగ్రామర్ ట్రెయినీ'లను తీసుకునేటప్పుడు మార్కులు చూసి ఊరుకునేవారు కాదు. ఎదురుగా కూర్చోబెట్టి ఒక 'పజిల్' ఇచ్చేవారు, అంటే చిక్కులెక్క. అది విప్పాక దాని 'అల్గారిథం' చెప్పమనేవారు. అల్గారిథం అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఇట్లా అయితే ఏమిటి, కాకపోతే ఏమిటి అన్నది వరుస తప్పకుండా చెప్పడం. బియ్యం కడిగాకే ఎసట్లో పోయాలని మనిషికి చెప్పనక్కర్లేదు. యంత్రానికి చెప్పాలి. కంప్యూటర్ మొహం చూడకుండానే నేను ఇదంతా పాఠం చెప్పాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

మా క్లాసుకొక ఆనవాయితీ ఉండేది. ఇంటర్వ్యూ నుంచి వచ్చినవాళ్లు రైలు దిగి ఇంటికి పోకుండా ముందు మా మెట్లెక్కాలి. అక్కడ ఏమడిగారో బోర్డు మీద రాయాలి. మిగతావాళ్లు ఆ లెక్కతో కుస్తీ పట్టాలి. హైదరాబాద్ పిల్లలకు పుస్తకాలున్నాయి, సీనియర్లున్నారు. మాకు ఆ బోర్డే దిక్కు.

దాంతోపాటు నా నియమం ఒకటి. ఇంటర్వ్యూలో తెలిసిన లెక్క ఎదురైతే, తెలుసని చెప్పి ఇంకోటి అడగాలి. అప్పుడే ఆలోచిస్తున్నట్టు నటించకూడదు. ఈ పట్టుదల నాకు 1969లో అంటుకుంది. తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడి మా చదువు అటకెక్కింది. తరువాత కష్టపడి పాసైనా, ఉద్యోగానికి పోయిన చోటల్లా సర్టిఫికెట్‌ను తిప్పి తిప్పి చూసి "ఓహో, ఉద్యమం బ్యాచా?" అని నవ్వేవారు. చదవకుండా గట్టెక్కామని వాళ్ల అనుమానం. ఆ నవ్వు మీద కసితో, నా పిల్లల్ని ఎవ్వరూ వేలెత్తి చూపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బల్ల మీద సుద్దముక్క విరిగేదాకా కొట్టి మరీ చెప్పేవాణ్ని.

సుజాతది లింగాల ఘనపూర్ పక్క పల్లె. బీయస్సీ లెక్కలు. వాళ్ల నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడని తెలుసు. ఆ ఏడాది మొదట్లో ఆయన చెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచానికే అతుక్కున్నాడని, తల్లి కూలి మీదే ఐదుగురు బతుకుతున్నారని మాత్రం నాకు తెలియదు. ఆ పిల్ల చెప్పలేదు. నేనూ అడగలేదు. లెక్క తప్పితే మొహం ఎర్రబడేదాకా కూర్చుని సరిచేసుకునేది, అదొక్కటే నా కంటికి కనబడింది.

ఒక కంపెనీ ఇంటర్వ్యూలు రెండు రోజులు పెట్టింది. మొదటి రోజు పోయిన మా పాత బ్యాచ్ మహబూబాబాద్ అబ్బాయి తిరుగు ప్రయాణంలో జనగామలో దిగి, మా ఆనవాయితీ ప్రకారం బోర్డు మీద రాశాడు. తొమ్మిది గోళీలు. ఒకటి మాత్రం బరువు తక్కువ. తరాజుతో రెండేసార్లు తూచి దాన్ని పట్టుకోవాలి.

మార్కెట్ యార్డులో పెరిగిన పిల్లలకు తరాజు కొత్తా? మూడింటిని ఒక పళ్లెంలో, మూడింటిని ఇంకో పళ్లెంలో పెడితే, తేలిక గోళీ ఏ మూడింటిలో ఉందో తేలిపోతుంది. ఆ మూడింటిలో ఒకటికొకటి తూస్తే దొరికిపోతుంది. సుజాత అందరికంటే ముందు చెప్పింది. ఆమె వెనక బెంచీలో యాదగిరి రాసుకున్నాడు. రెండో రోజు పోవలసినవాళ్లు ఈ ఇద్దరే.

క్లాసయ్యాక సుజాత ఆగింది. "సార్, రేపు గిదే అడిగితే ఎట్ల?"

"ఎట్లేంది? తెల్సని చెప్పు. ఇంకోటి అడుగుమను. నీకేం భయం?"

"గట్లనే సార్," అని మెట్లు దిగిపోయింది.

మరునాడు సాయంత్రం వచ్చింది. చెప్పులు విప్పకుండానే బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకుంది.

"అదే అడిగిండ్రు సార్. నాకు తెల్సు, మా క్లాసుల చేసినం అన్న. అడిగే ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నరు. 'చేసినం' అన్నందుకు ఒకాయన నవ్విండు. పెద్దాయన, సరే అయితే ఇది చెప్పమ్మా అని పన్నెండు గోళీలిచ్చిండు. ఒకటి తేడా ఉన్నదట. తక్కువో ఎక్కువో చెప్పడట. మూడేసార్లు తూచాల్నట."

అది ఆ తొమ్మిది గోళీల లెక్కకు తాతముత్తాత. ప్రొఫెసర్లే జుట్టు పీక్కుంటారు.

"నాలుగుకు నాలుగు పెట్టిన. రెండూ సమానమైతే ఏం చెయ్యాల్నో చెప్పిన. ఒక దిక్కు మొగ్గితే ఏంది అన్నరు. ఆడ ఆగిపోయిన. చాలమ్మా అన్నరు."

చెబుతూనే బోర్డు మీద రెండు పళ్లేలు గీసింది. "ఆలేరు దాటినంక తట్టింది సార్. కొన్ని గోళీలను ఈ పళ్లెంల నుంచి ఆ పళ్లెంలకు మార్చాలె. మొగ్గు మారుతదా లేదా చూడాలె. గంతే!" బోర్డు నిండా బాణాలు గీసి, మూడో తూకం దాకా తీసుకుపోయి దొంగ గోళీ చుట్టూ సున్నా చుట్టింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. సుద్దముక్క కింద పెట్టి అప్పుడు ఏడ్చింది. "నాయిన మంచం మీద ఉన్నడు సార్. గీ కొలువొస్తదని అవ్వకు చెప్పి పోయిన," అంది. చెట్టు మీది నుంచి పడ్డ సంగతి అప్పుడు తెలిసింది నాకు. వచ్చేసారి చూద్దామన్నాను. అంతకంటే చచ్చు మాట నా నోట ఎన్నడూ రాలేదు.

కొలువు యాదగిరికి వచ్చింది. మిఠాయి పొట్లంతో వచ్చి, నా మొహం చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"నన్నూ ఆ తొమ్మిది గోళీలదే అడిగిండ్రు సార్. మీరు చెప్పింది యాదికుంది. కని నోరు రాలే. జరసేపు నెత్తి గోక్కున్న. ముందుగాల నాలుగుకు నాలుగు పెడ్తమన్నట్టు చేసి, తప్పు తప్పు అని మూడుకు మూడు పెట్టిన. 'గుడ్ థింకింగ్' అన్నరు."

వాణ్ని నాలుగు తిట్టాలనుకున్నాను. వాళ్లింట్లోనూ ఎసరు పెట్టి బియ్యం కోసం చూసే రోజులే. మిఠాయి ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. తరువాత వాడు అక్కడ బుద్ధిగా పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. అదీ నిజమే.

సుజాతకు వచ్చేసారి రాలేదు. మళ్లీ పిలుపు వచ్చేసరికి ఆమె క్లాసు మానేసి తల్లి వెంట నాట్లకు పోతోంది. రెండుసార్లు కబురు పెట్టాను. "సార్‌కు దండాలు చెప్పుండ్రి" అన్న మాటే తిరిగి వచ్చింది.

మూడు నాలుగేళ్ల తరువాత ఒక పని మీద భూపాలపల్లి పోయాను. బొగ్గు గనులు వస్తున్నాయని ఊరంతా కొత్త రేకుల ఇళ్లు, లారీల దుమ్ము. ఒక చిన్న ప్రైవేటు బడిలో సుజాత కనబడింది. పగలు పిల్లలకు లెక్కలు చెబుతోంది, సాయంత్రం గనుల్లో టెక్నికల్ పోస్టుల ఇంటర్వ్యూలకు పోయేవాళ్లను తయారు చేస్తోంది. గోడకు నల్ల బోర్డు, దాని మీద తరాజు బొమ్మ. మా ఆనవాయితీ అక్కడికి చేరింది.

నాయిన ఎట్లున్నాడని అడిగాను. "పోయిండు సార్," అంది. పెద్ద దవాఖానకు తీసుకుపోయే తాహతు రాకముందే పోయాడట. అడక్కుండా ఉండలేక అడిగాను.

"నా మాట ఇని ఆగమైతివి బిడ్డా. నా మీద కోపం లేదా?"

"ఎందుకు సార్? మళ్లీ ఇప్పుడు అడిగినా తెల్సనే చెప్త. నా నోటికి వేరే రాదు." చాక్‌పీసు పొడి అంటిన చేతులు దులుపుకుంది. "కని మీ తీరుగ ఆ మాట బల్ల గుద్ది అందరికీ చెప్ప సార్. ఇంట్ల పొయ్యి ఆ కొలువు మీదనే ఉన్న పిల్లలకు అసలే చెప్ప."

బస్సులో జనగామ చేరేదాకా ఆ మాటే చెవుల్లో ఉంది. అబద్ధం ఆడమని నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, చెప్పలేను. నా నియమం తప్పని కూడా అనుకోను. అయితే దాని ఖరీదు కట్టింది నేను కాదు. పన్నెండు గోళీల్లో తేడా గోళీ ఎక్కడుందో వెతకడం నేర్పాను గాని, నా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల మీద ఎంత బరువుందో ఒక్కనాడూ చూడలేదు.

ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "తెలిసిన లెక్కనే అడిగితే ఎట్ల సార్?" ఒకప్పుడు ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేవాణ్ని. ఇప్పుడు సుద్దముక్క కింద పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఇంకోటి అడుగుతాను.

"మీ నాయిన ఎట్లున్నడు బిడ్డా?"